కెరోటిడ్ డాప్లర్ రిపోర్టులో ప్లాక్ గురించి ఎంత రాయాలి?

ప్రశ్న: ప్రొద్దుటూరు, స్కానింగ్ సెంటరు
ఇవాళ ఉదయం అరవై దాటిన ఒక నూనె మిల్లు గుమస్తా వచ్చారు. పద్దు రాస్తుండగా కుడి చేతిలోంచి కలం జారిపోయిందట, పది నిమిషాల్లో చేయి మామూలైందట. డాప్లర్ (రక్త ప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) చేస్తే, ఎడమ కెరోటిడ్ (మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడ ధమని) చీలే చోట వెడల్పుగా ఉండే బల్బు వెనక గోడకు 2.6 మిల్లీమీటర్ల ప్లాక్ (గోడలో పేరుకున్న మడ్డి) ఉంది. దాదాపు నల్లగా, ఎగుడుదిగుడుగా ఉంది. మెదడుకు వెళ్లే కొమ్మ ఇంటర్నల్ కెరోటిడ్‌లో పీక్ సిస్టోలిక్ వేగం (గుండె ముడుచుకున్నప్పటి గరిష్ఠ రక్తవేగం) సెకనుకు 98 సెంటీమీటర్లే. 125 దాటలేదు కాబట్టి ఇరుకు 50 శాతం లోపే. మా టెంప్లేటులో ప్లాక్‌కు "ఉంది, లేదు" అనే గడి తప్ప ఇంకేమీ లేదు. అంతటితో సరిపెట్టవచ్చా?

జవాబు: కర్నూలు, రేడియాలజిస్టు
సరిపెట్టకండి. 125 (50 శాతం ఇరుకుకు), 230 (70 శాతానికి) అనే హద్దులు 2003లో అమెరికాలో అచ్చయిన ఏకాభిప్రాయ పత్రంలోవి. నాళం ఎంత ఇరుకైందో చెబుతాయి, అంతే. గోడలో కూర్చున్నది ఎలాంటిదో వాటికి పట్టదు. పైగా బల్బు సహజంగానే వెడల్పు, అందులో ప్లాక్ బాగా పెరిగినా వేగం పెరగకపోవచ్చు.

"నల్లగా" అని రాసే ముందు గెయిన్ (బొమ్మ వెలుగును పెంచే, తగ్గించే అమరిక) చూడండి. గెయిన్ తగ్గిస్తే ఏ ప్లాక్ అయినా నల్లబడుతుంది. పారే రక్తం నలుపు, పక్కనున్న స్టెర్నోమాస్టాయిడ్ కండరం బూడిద, వెన్నుపూస తెలుపు. వీటితో పోల్చి రాయండి. లోపలున్నది కొవ్వా, రక్తస్రావమా అన్నది మాత్రం తేల్చబోకండి, రెండూ నల్లగానే కనిపిస్తాయి. అది ఎంఆర్ఐ పని. పుండు అనాలంటే గుంట 2 మిల్లీమీటర్ల లోతైనా ఉండి, అందులో కలర్ డాప్లర్ చూపే రక్తపు రంగు తిరగాలి. డాప్లర్ కోణం 60 డిగ్రీలు దాటలేదు కదా? దాటితే వేగం లెక్క నమ్మలేం.

నేనైతే ఇలా రాస్తాను: "ఎడమ బల్బు వెనక గోడపై 2.6 మి.మీ. మందం గల, కండరం కంటే నల్లని, ఎగుడుదిగుడు ప్లాక్. ఇరుకు 50 శాతం లోపు. లక్షణాలు కుడి చేతిలో, ప్లాక్ ఎడమ వైపు." కుడి చేతిని నడిపేది ఎడమ మెదడు, దానికి రక్తం వెళ్లేది ఎడమ కెరోటిడ్‌లోంచి. ఆ చివరి వాక్యం ఏ టెంప్లేటులోనూ ఉండదు. చదివే డాక్టరు వెతికేది దాన్నే.

జవాబు: అనంతపురం, న్యూరాలజీ
సార్ చెప్పింది నిజం. "ప్లాక్ ఉంది" అని ముగించిన రిపోర్టు నాకు ఎందుకూ కొరగాదు, ఆ వయసులో చాలామందికి ఉంటుంది. అలాగని "ప్రమాదకరమైన ప్లాక్" అని కూడా రాయకండి. కవరు విప్పి ముందు చదివేది రోగి కొడుకే.

అంతకంటే ముఖ్యం, ఆ కవరు రేపు తీసుకెళ్లేదాకా ఆగకండి. ఇలా కాసేపు చేయి పడిపోయి తేరుకున్నాక పక్షవాతం ముప్పు మొదటి 48 గంటల్లోనే ఎక్కువ. పంపిన డాక్టరుకు ఇప్పుడే ఫోను చేయండి. యాస్పిరిన్, స్టాటిన్, బీపీ సంగతి మేం చూసుకుంటాం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు, మెదడుకు గడ్డలు దాన్నుంచీ రావచ్చు) ఉందేమో ఈసీజీ కూడా తీయాలి. ప్లాక్ దొరికింది కదా అని నేరమంతా దాని మీద వేసేయలేం.

ప్రశ్న అడిగినవారు
దాచిన బొమ్మలు మళ్లీ చూశాను సార్, కండరం కంటే నలుపే. గుంట లేదు. కోణం 56. డాక్టరుగారికి ఫోను చేస్తే వెంటనే పంపమన్నారు, వాళ్లు బయలుదేరారు. ఇక ఆ గడి తీయించడానికి మా యజమానిని ఒప్పించాలి. టెంప్లేటుకు డబ్బు కట్టానంటారు ఆయన.