తెలిసినవాళ్ల వైనరీలో ఉచితంగా ద్రాక్ష కోయడం: సాయమా, కూలి ఎగ్గొట్టడమా?

ట్రైవ్యాలీ తెలుగోడు
మాకు బాగా తెలిసిన కుటుంబానికి కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ లోయలో చిన్న ద్రాక్షతోట, పక్కనే వైన్ తయారుచేసే సొంత వైనరీ ఉన్నాయి. పని చేసేది ఇంటిల్లిపాదే. సెప్టెంబరులో ఒక శనివారం కోతకి స్నేహితుల్ని, తమ వైన్ క్లబ్ సభ్యుల్ని పిలుస్తారు. తెల్లారేసరికి తోటలో ఉండాలి, ఎండెక్కేలోపు కోత అయిపోవాలి. మధ్యాహ్నం భోజనం పెట్టి, వెళ్లేటప్పుడు చేతికో వైన్ సీసా ఇస్తారు. నేనూ వెళ్తున్నానంటే ఆఫీసులో ఒకాయన "కూలీల పొట్ట కొడుతున్నావు, పైగా చట్టవిరుద్ధం" అన్నాడు. నిజంగా అంత తప్పా?

గోదారి గట్టు
తప్పేంటండీ! మా ఊళ్లో నాట్లప్పుడు ఇవాళ మీ చేలోకి, రేపు మా చేలోకి అని ఒకరికొకరు వెళ్లేవాళ్లం. ఎవరూ హాజరు పట్టీ రాయలేదు. ప్రేమగా పిలిస్తే వెళ్లడానికి కూడా లాయర్ని అడగాలా?

లెక్కల మాస్టారు
అడక్కపోతే ఏమవుతుందో చెప్తాను. కాస్ట్రో వ్యాలీలో వెస్టోవర్ అని చిన్న కుటుంబ వైనరీ ఉండేది. వాలంటీర్లతో పని చేయించుకున్నారని 2014లో కాలిఫోర్నియా కార్మిక శాఖ జరిమానాలు, జీతాల బకాయిలు కలిపి సుమారు 1,15,000 డాలర్లు కట్టమంది. వచ్చినవాళ్లలో ద్రాక్షసాగు నేర్చుకునే విద్యార్థులూ ఉన్నారు, ఇష్టపడే వచ్చామన్నారు. అయినా లాభం కోసం నడిపే వ్యాపారానికి ఉచిత సేవ కుదరదు. 1985లో అలమో ఫౌండేషన్ అనే మత సంస్థ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఇదే: "మేం జీతం ఆశించలేదు" అని పనివాళ్లే చెప్పినా వేతన చట్టం వర్తిస్తుంది.

గోదారి గట్టు
చివరికి ఆ వైనరీ మూసేస్తున్నామని ప్రకటించారు కదా. ఏ కూలీకి మేలు జరిగింది? పెద్ద కంపెనీలు రాత్రికి రాత్రి మిషన్లతో కోసుకుంటాయి. నలిగేది చిన్నోళ్లే.

నల్గొండ బిడ్డ
అన్నా, జర లెక్క చూడు. టన్ను ద్రాక్షకు సుమారు 700 సీసాల వైన్ వస్తది. మీ పదిమంది పొద్దున కలిసి ఒక టన్ను కోసిన్రనుకో, ఆళ్లు మీకిచ్చింది పది సీసాలు. కోతకూలి టన్నుకు 300 డాలర్లు అనుకున్నా సీసాకు అర డాలర్ కూడ పడది. ముప్పై డాలర్లకు సీసా అమ్మేటోడు అర డాలర్ ఇయ్యలేనంటే నేను నమ్మ.
ఇంకోటి, నేను ఒక సీజన్ కోతకు పోయిన. వంకర కత్తితోని గుత్తి కాడ కోసుడు, తొట్టిల ఏసుడు, మళ్ల వంగుడు. గంటలోపే చేతులు బంక బంక, ఆ తీపికి కందిరీగలు ముసురుతయ్. పక్క వరుసల మెక్సికో అన్నలు నేను ఒక తొట్టి నింపేలోపు మూడు నింపుతుండె. అది చెయ్యి తిరిగినోళ్ల పని, పిక్నిక్ గాదు. మీరు సోకుకు కోసిన ప్రతి వరుసా ఆళ్లకు పోయిన కూలే.

ట్రైవ్యాలీ తెలుగోడు
లెక్క బాగుంది అన్నా. కానీ వాళ్ల బాధ డబ్బు కాదట. తీపి సరిపోయిందని బ్రిక్స్ మీటర్ చెప్పిన రోజు కూలీల ముఠా దొరకదు. రెండెకరాల తోటకి రమ్మంటే కాంట్రాక్టరు ఫోనే ఎత్తడు, వందెకరాల వాడి దగ్గరికి పోతాడు. వారం ఆగితే కాయ ముడుచుకుపోతుంది.

తురీనో కోడలు
ఇటలీ ఈ చిక్కుకి ఒక దారి చూపించింది. 2003 నాటి 276వ శాసనంలో 74వ అధికరణం ప్రకారం చుట్టాలు, వియ్యాలవారి వైపు వాళ్లు అప్పుడప్పుడూ ఉచితంగా పొలంపనికి సాయపడితే అది ఉద్యోగం కిందికి రాదు. కోవిడ్ ఏడాది, 2020లో, నాలుగో అంచె బంధుత్వం దాకా ఉన్న హద్దుని ఆరో అంచెకి పెంచారు. మా అత్తగారి వైపు వేలు విడిచిన మేనమామలు కూడా కోతకి దిగుతారు! స్నేహితులకి మాత్రం ఈ మినహాయింపు లేదు.
ఇక్కడంతా పండగే అనుకోకండి. 2015లో దక్షిణ ఇటలీలోని పుల్యాలో ఆంద్రియా దగ్గర ద్రాక్షతోటలో పనిచేస్తూ పావోలా క్లెమెంతే అనే కూలీ చనిపోయింది. కూలీల్ని పనికి తెచ్చే మేస్త్రీల దోపిడీ మీద 2016లో 199వ నంబరు చట్టం వచ్చింది ఆ తర్వాతే.

లెక్కల మాస్టారు
గోదారి గట్టు గారూ, మీ ఊరి నాట్లకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. మీ చేలోకి వచ్చినవాడి చేలోకి మీరూ వెళ్లారు. ఈ వైనరీ వాళ్లు తెలుగోడి ఆఫీసుకొచ్చి ఒక శనివారం కోడ్ రాసిపెడతారా? ఫ్రాన్సులో రైతుకి రైతు సాయాన్ని చట్టం ఒప్పుకుంటుంది, అదీ ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలోనే.
ముఠా దొరకదన్నది నిజమైన ఇబ్బందే. అలాంటప్పుడు పక్కపక్క చిన్న తోటలవాళ్లు కలిసి వారం మొత్తానికి ఒక ముఠాని మాట్లాడుకోవచ్చు. లేదంటే మిమ్మల్నే ఆ రోజుకి పనివాళ్లుగా రాసుకుని గంటల లెక్కన జీతమివ్వాలి. కాగితాల పని విసుగే, కాదనను.

గోదారి గట్టు
కోడ్ రాసిపెట్టరులెండి, ఒప్పుకుంటున్నా. కానీ జీతమిస్తానంటే నేనైతే అసలు వెళ్లను.

నల్గొండ బిడ్డ
పోకు అన్నా, మంచిదే. తెలుగోడా, నువ్వు పోతే మాత్రం ముందు ఒకటి అడుగు: వేలు తెగితే ఆస్పత్రి బిల్లు ఎవరి ఇన్సూరెన్స్ కడతది?

ట్రైవ్యాలీ తెలుగోడు
అడిగాను. "ఇప్పటిదాకా ఎవరికీ తెగలేదు" అన్నారు.