సొంత హ్యాష్‌సెట్‌ని టెస్ట్ చేయడానికి శాంపిల్ స్ట్రింగ్స్ ఎలా తయారు చేయాలి?

ప్రశ్న:
నమస్తే అండీ. నేర్చుకోవడం కోసం జావాలో హ్యాష్‌సెట్ (ఒకే విలువని రెండోసారి ఉంచుకోని సేకరణ) లాంటి క్లాస్ సొంతంగా రాస్తున్నాను. టెస్ట్‌కి మూడేసి ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో 5,000 స్ట్రింగ్స్ ర్యాండమ్‌గా పుట్టించి వేస్తున్నా, తీరా సైజ్ చూస్తే ఒకసారి 4,340, ఇంకోసారి 4,361. ఎంట్రీలు ఎక్కడో పోతున్నాయని రెండు రోజులుగా యాడ్ మెథడ్ పట్టుకునే కూర్చున్నాను, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
యాడ్ మెథడ్‌ని కాసేపు వదిలేయండి, ముందు డేటా చూడండి. మూడక్షరాల స్ట్రింగ్స్ మొత్తం ఉన్నవే 26×26×26, అంటే 17,576. అందులోంచి 5,000 సార్లు తీస్తే వచ్చినవే మళ్లీ వస్తాయి, 4,350 దగ్గర తేలడం లెక్క ప్రకారం సరైనదే. అవే స్ట్రింగ్స్ జావా హ్యాష్‌సెట్‌లో కూడా వేసి రెండు సైజులూ పోల్చండి. ర్యాండమ్‌కి సీడ్ (ప్రతిసారీ అవే విలువలు వచ్చేలా ఇచ్చే మొదటి సంఖ్య) తప్పకుండా ఇవ్వండి, లేకపోతే ఇవాళ ఫెయిలైన టెస్ట్ రేపు మళ్లీ దొరకదు.

ఇంకో జవాబు:
ర్యాండమ్ స్ట్రింగ్స్‌తో అసలైన బగ్స్ దొరకడం కష్టమండీ, కావాలని కొలిజన్లు పుట్టించాలి, అంటే వేర్వేరు స్ట్రింగ్స్‌కి ఒకే హ్యాష్‌కోడ్ (స్ట్రింగ్ నుంచి లెక్కగట్టే సంఖ్య) వచ్చేలా చేయాలి. క్యాపిటల్ ఏ పక్కన స్మాల్ ఏ రాస్తే హ్యాష్‌కోడ్ 2112, క్యాపిటల్ బీ రెండుసార్లు రాసినా 2112 (ముందు అక్షరాన్ని 31తో గుణించి తర్వాతది కలుపుతారు కాబట్టి). ఈ రెండు జంటల్నీ పది స్థానాల్లో మార్చి మార్చి పేర్చితే 1,024 వేర్వేరు స్ట్రింగ్స్ వస్తాయి, అన్నిటికీ హ్యాష్‌కోడ్ ఒకటే, అన్నీ ఒకే బకెట్‌లో, అంటే సెట్ లోపలి ఒకే గడిలో పడతాయి. మధ్యలోవి రిమూవ్ చేసి మిగతావి ఉన్నాయో లేదో చూడండి. వెతికేటప్పుడు అదే ఆబ్జెక్ట్ ఇవ్వకుండా కొత్తగా కట్టిన స్ట్రింగ్ ఇవ్వండి, ఈక్వల్స్ (అక్షరాలు పోల్చేది) బదులు రెండు ఈక్వల్‌టు గుర్తులు (అదే ఆబ్జెక్టా అని మాత్రమే చూసేవి) వాడేసి ఉంటే అక్కడే బయటపడుతుంది.

మరో జవాబు:
ఖాళీ స్ట్రింగ్, నల్ (అసలు విలువే లేదని చెప్పేది) మర్చిపోకండి. తెలుగు స్ట్రింగ్స్ కూడా వేయండి: ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం కింద ఐత్వపు గుర్తు పెట్టి రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. 'కై' కంటికి ఒకేలా కనబడినా సెట్‌లో రెండు ఎంట్రీలవుతాయి. అది సెట్ తప్పు కాదు, ఒక్కటే కావాలంటే వేసేముందే నార్మలైజర్‌తో (రెండు రూపాల్నీ ఒకే రూపానికి తెచ్చే జావా క్లాస్) మార్చుకోవాలి. గువావా టెస్ట్‌లిబ్ (గూగుల్ వాళ్ల జావా లైబ్రరీ గువావాతో వచ్చే టెస్టుల భాగం) కూడా చూడండి, ఐదు శాంపిల్ స్ట్రింగ్స్ ఇస్తే ఖాళీ సెట్, ఒక ఎలిమెంట్, చాలా ఎలిమెంట్లు ఇలా అన్ని సైజుల్లో టెస్టులు అదే నడుపుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. రెండు సెట్ల సైజులూ ఒకటే వచ్చాయి, యాడ్ బాగానే ఉంది. కానీ 1,024 స్ట్రింగ్స్ వేసి మధ్యలో ఒకటి రిమూవ్ చేస్తే అదే బకెట్‌లో దాని వెనక లింకై ఉన్న ఎంట్రీల గొలుసంతా పోయింది. ఇప్పుడు ఆ లింక్ సరిచేస్తున్నా.