ఈస్టర్ ముందు, పస్కా వెనక: ఎలా?

అందరికీ నమస్కారం. ఇది మా అమ్మమ్మ వేసిన చిక్కుప్రశ్న. యూదుల పస్కా పండుగ వేళకే కదా ప్రభువు సిలువ, ఆ తర్వాతే కదా లేవడం! మరి 2024లో ఈస్టర్ మార్చి 31న అయిపోయాక, యూదుల పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం మొదలవడమేంటి? గోడ క్యాలెండర్లో రెండు తేదీలకీ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి మరీ అడిగింది.

నాకు తెలిసింది ఇంతే. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటాక తొలి ఆదివారం ఈస్టర్. ఆ పున్నమి కూడా ఆకాశంలోది కాదు, చర్చి పట్టికలోది. పస్కా యూదుల నీసాను నెల పున్నమికి. మనకు 2023లో అధిక శ్రావణం వచ్చినట్టే, వాళ్లకు 2024లో నీసానుకు ముందుండే అదారు నెల రెండోసారి వచ్చి నీసాను ఆలస్యమైంది. 19 ఏళ్లకు ఏడు అధికమాసాలట, అచ్చం మన లెక్కే!

2016లోనూ ఇలాగే అయింది, 2027లోనూ అవుతుంది. మరి 2025లో రెండూ దగ్గరగానే వచ్చాయి. 19 ఏళ్ల చక్రంలో ఫలానా ఏళ్లకే ఈ ఎడం వస్తుందా? యూదుల లెక్క విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) నుంచి మెల్లగా జారుతున్నందుకా? అమ్మమ్మకు అర్థమయ్యేలా ఎవరైనా విడమరిచి చెప్పరూ?