ఫ్రాగ్ అండ్ టోడ్: పుస్తకం పూర్తి చేశాకే టీవీ చూపించాలా?

పాప_అమ్మ (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. మా పాప కిండర్‌గార్టెన్. ఆర్నల్డ్ లోబెల్ రాసిన ఫ్రాగ్ అండ్ టోడ్ పుస్తకాలు (ఫ్రాగ్, టోడ్ అనే ఇద్దరు కప్ప స్నేహితుల కథలు) లైబ్రరీ నుంచి తెచ్చి రాత్రి పడుకునే ముందు చదువుతున్నాం. మూడు అయిపోయాయి, నాలుగోది చివరికొచ్చింది. ఈలోపు ఇవే యాపిల్ టీవీలో కార్టూన్‌గా వస్తాయని క్లాసులో ఎవరో చెప్పారట. అప్పట్నుంచి చూపించమని ఒకటే గొడవ.

చూపించడానికి నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే నాలుగో పుస్తకంలో ఆఖరి కథ దగ్గర ఆగిపోయాం. టోడ్ వచ్చేసరికి ఫ్రాగ్ ఇంట్లో ఉండడు. ఒంటరిగా ఉండాలనుంది, బయటికి వెళ్తున్నానని చీటీ మాత్రం ఉంటుంది. అది వినగానే మా పాప పుస్తకం మూసేసి, "టోడ్ ఏం తప్పు చేశాడమ్మా?" అంది. తర్వాత తెలిసింది, స్కూల్లో దాని ప్రాణస్నేహితురాలు ఈమధ్య రీసెస్‌లో "ఇవాళ నేనొక్కదాన్నే ఆడుకుంటా" అంటోందట. అది అప్పట్నుంచి మళ్లీ ఆ పుస్తకం ముట్టుకోలేదు.

ఆ కథ వదిలేసి నేరుగా కార్టూన్ పెట్టేయనా? అది సరదాగా ఉండి ఈ దిగులు పోతుందేమోనని నా ఆశ. మా అత్తగారు కూడా ఇక్కడే ఉన్నారు. ఆవిడకు ఇంగ్లిష్ అంతగా రాదు. మనవరాలితో కూర్చుని చూడటానికి బాగుంటుందా?

రీడింగ్_టీచర్ (ర్యాలీ, నార్త్ కరోలినా)

నేను ఇక్కడ ఎలిమెంటరీ స్కూల్లో చదవడంలో వెనకబడిన ఫస్ట్ గ్రేడ్ పిల్లలతో పని చేస్తానండి. ఈ నాలుగు పుస్తకాలూ నా టేబుల్ మీద ఎప్పుడూ ఉంటాయి, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

ముందు పాప సంగతి. దయచేసి ఆ కథ వదిలేయకండి. మీ పాప సరిగ్గా టోడ్ ఆగిన చోటే ఆగింది. టోడ్‌కి వచ్చిన భయం కూడా అదే: నేనుండగా వీడికి ఒంటరిగా ఉండటం ఎందుకు? ఇల్లంతా, తోటంతా, అడవంతా వెతికి, చివరికి నది మధ్య దిబ్బ మీద ఫ్రాగ్ ఒక్కడే కూర్చుని ఉండటం చూస్తాడు. పాపం బాధలో ఉన్నాడనుకుని ఇంటికి పరుగెత్తి శాండ్‌విచ్‌లు, ఐస్‌డ్ టీ సర్దుకొస్తాడు. తాబేలు వీపెక్కి నది దాటుతుంటే ఆ తాబేలు, వాడు ఒంటరిగా ఉంటానంటే ఉండనీయొచ్చుగా అంటుంది. అక్కడ టోడ్ గుండె జారిపోతుంది. తను చేసిన పిచ్చి పనులన్నిటికీ క్షమించమని అరుస్తూ నీళ్లలో పడిపోతాడు. ఫ్రాగ్ పైకి లాగుతాడు. తిండి తడిసిపోయింది, టీ ఒలికిపోయింది. అప్పుడు తెలుస్తుంది ఫ్రాగ్ బాధలో లేడని. పొద్దున్న లేవగానే ఎండ బాగుంది, తనకు టోడ్ లాంటి స్నేహితుడున్నాడు, అన్నీ ఎంత బాగున్నాయో తీరిగ్గా ఆలోచించుకుందామని వచ్చాడు, అంతే. తర్వాత ఇద్దరూ ఆ తడిసిన శాండ్‌విచ్‌లే తింటూ సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటారు.

మీరు చీటీ దగ్గర ఆపేశారు కాబట్టి ప్రస్తుతానికి పాప దగ్గరున్నది సగం కథ, అదీ దిగులుగా ఉన్న సగం. మీరే మిగతాది చదివి వినిపించండి. "నువ్వెప్పుడైనా ఒక్కదానివే బొమ్మలేసుకోవాలనుకుంటావు కదా, అప్పుడు అమ్మంటే ఇష్టం లేకనా?" అని అడిగి చూడండి. నా దగ్గరి పిల్లలకి ఈ ప్రశ్న బాగా అందుతుంది. తన ఫ్రెండ్ ఊసు మాత్రం మీరు ఎత్తొద్దు, ఎత్తాలనుకుంటే తనే ఎత్తుతుంది. ఇది 1979 నాటి పుస్తకం. 1970లో మొదలైన సిరీస్‌లో పుస్తకానికి ఐదు చొప్పున మొత్తం 20 కథలుంటే, లోబెల్ అన్నిటికన్నా చివర పెట్టింది ఈ కథనే. దాన్ని దాటేస్తే మిగతా 19 కథలు దేనికోసం చదివామన్నట్టు అనిపిస్తుంది నాకు.

ఇక టీవీ సంగతి. 2023 ఏప్రిల్‌లో మొదలైంది. మంచి షోనే. లోబెల్ 1987లోనే పోయారు గానీ, ఆయన పిల్లలు ఏడ్రియన్, ఆడమ్ ఇద్దరూ దీనికి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లు. ఆ శ్రద్ధ తెరమీద తెలుస్తుంది. పుస్తకాల్లోని ఆకుపచ్చ, గోధుమ రంగుల చల్లదనం పోనివ్వలేదు. ఫ్రాగ్‌కి నాట్ ఫాక్సన్, టోడ్‌కి కెవిన్ మైకేల్ రిచర్డ్‌సన్ గొంతిచ్చారు. టోడ్ విసుగులోనూ ప్రేమ వినిపించేలా మాట్లాడారు రిచర్డ్‌సన్, అది నాకు చాలా నచ్చింది.

కానీ తేడా ఉంది. పుస్తకాల్లో ఎక్కువగా వాళ్లిద్దరే ఉంటారు. షో నడవాలంటే 20 కథలు చాలవు కదా, అందుకని కొత్త కథలు రాశారు, చుట్టుపక్కల జంతువులకి పెద్ద పాత్రలిచ్చారు, పాటలు పెట్టారు. ఊరంతా సందడి. అది తప్పనను. పోయేదల్లా ఒకటే, మాటల మధ్య ఖాళీ.

ఉత్తరం కథ గుర్తుందిగా? టోడ్‌కి ఎప్పుడూ ఉత్తరాలు రావు, పోస్ట్ కోసం ఎదురుచూసే వేళ దిగులుగా కూర్చుంటాడు. ఫ్రాగ్ ఇంటికెళ్లి ఒక ఉత్తరం రాసి నత్త చేతికిస్తాడు. ఎంతకీ రాకపోతే ఆగలేక, నేనే రాశానని, అందులో ఏం రాశాడో కూడా చెప్పేస్తాడు. అయినా ఇద్దరూ వరండాలో కూర్చుని, లోపల ఏముందో తెలిసిన ఆ ఉత్తరం కోసమే సంతోషంగా ఎదురుచూస్తారు. నత్త చేరేసరికి నాలుగు రోజులు. చదివేటప్పుడు అక్కడ పేజీ తిప్పకుండా ఆగుతాను. నత్త చేతిలో ఉత్తరం పెట్టడమేంటని పిల్లలకి అప్పుడు వెలుగుతుంది. కొందరు నవ్వుతారు, ఒకరిద్దరు కంగారు పడతారు. ఎంతసేపు ఆగాలో పుస్తకమైతే పిల్ల చేతిలో ఉంటుంది, తెర మీద ఆ సంగతి డైరెక్టర్ నిర్ణయిస్తాడు.

ఆకుల కథ కూడా అలాంటిదే. అక్టోబర్‌లో ఒకరికి తెలియకుండా ఒకరు అవతలివాళ్ల పెరట్లో ఆకులు ఊడ్చి వస్తారు, గాలొచ్చి రెండు కుప్పలూ చెదరగొట్టేస్తుంది. ఇద్దరికీ ఎప్పటికీ తెలియదు. తెలిసేది చదివే పిల్లకే! ఆరేళ్ల పిల్లకి అదెంత గొప్పో ఆ మొహాలు చూస్తే గానీ అర్థం కాదు.

ఇవి చదవడం నేర్చుకునేవాళ్ల కోసం చిన్న చిన్న మాటలతో రాసినవి. అయినా రెండో పుస్తకానికి 1973లో, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ ఆనర్ వచ్చింది. అది రచనకిచ్చే గుర్తింపు, బొమ్మలకి కాదు.

కాబట్టి నా సలహా: ఉత్తరం, ఆకులు, ఒంటరి, ఈ మూడు కథలూ పుస్తకంలోనే ముందు అవ్వనివ్వండి. మిగతావి ఏది ముందైనా ఫర్వాలేదు.

ఇద్దరబ్బాయిల_నాన్న (హైదరాబాద్)

టీచర్ గారితో ఒక్క విషయంలో నాది వేరే మాట. మా పెద్దాడికి పుస్తకమంటే పడదు. షో చూశాకే పుస్తకం అడిగాడు, అదీ కుకీల కథ కోసం. తినడం ఆపలేక కుకీలు డబ్బాలో పెట్టి, తాడు కట్టి, పైఅరలో పెట్టి, ఆఖరికి పిట్టలకేసేస్తే, టోడ్ కేకు చేసుకోవడానికి ఇంటికెళ్తాడే, అది. ఇప్పుడు వాడే తమ్ముడికి చదివి వినిపిస్తున్నాడు. తెరలోంచి పుస్తకంలోకి వచ్చే పిల్లలూ ఉంటారండి, వాళ్లకి తలుపు మూయకూడదు.

అత్తగారి గురించి అడిగారు కదా. మా అమ్మకీ ఇంగ్లిష్ రాదు. షోలో మాటలు నిదానంగానే ఉంటాయి గానీ ఆవిడకి పుస్తకమే బాగా కుదిరింది. బొమ్మలు చూసి తన కథ తను చెప్పేస్తుంది, పిల్లలు "అలా కాదు నానమ్మా" అని సరిచేస్తారు. అలా సరిచేస్తూ వాళ్లు మాట్లాడే తెలుగు మామూలప్పుడు నేనెంత అడిగినా మాట్లాడరు.

రీడింగ్_టీచర్

మీ పెద్దాడి లాంటి పిల్లలు నా దగ్గరా ఉన్నారు, వాళ్లకి షో ముందు పెట్టడమే సరైనది. ఈ పాప ఇప్పటికే మూడు పుస్తకాలు చదివిన పిల్ల, పైగా మనసులో ఒక ప్రశ్న పెట్టుకుని ఉంది, అందుకే అలా చెప్పాను.

పాప_అమ్మ

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. నిన్న రాత్రి చీటీ దగ్గర్నుంచి మొదలుపెట్టి పూర్తి చేశాం. టోడ్ నీళ్లలో పడ్డప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఫ్రాగ్ ఎందుకు వెళ్లాడో చెప్పే పేజీ మళ్లీ చదవమంది. ఫ్రెండ్ గురించి తనేమీ అనలేదు, నేనూ అడగలేదు. శనివారం షో మొదలుపెడతాం, అత్తగారికి పుస్తకాలు ఇప్పుడే ఇచ్చేశాను. ఒకటే అడగాలి: ఒక ఎపిసోడ్ అవగానే ఇంకోటి మొదలైపోతే దీన్ని లేపడం నా వల్ల కాదు. దానికేమైనా మార్గం ఉందా?

ఇద్దరబ్బాయిల_నాన్న

సెట్టింగ్స్‌లో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఆప్షన్ ఉంటుంది, ఆపేయండి. చూసే ముందే ఎన్ని ఎపిసోడ్లో పాపతోనే చెప్పించండి, రిమోట్ నానమ్మ గారి చేతిలో పెట్టండి.