బెంగాలీ పిల్లలకు పెంపుడు జంతువుల ఇంగ్లీషు పేర్లు: ఎక్కడ తడబడుతున్నారు?

కాగజ్‌నగర్ టీచర్
మా బడి ఈస్‌గాం దగ్గర. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబాలకు అప్పట్లో ఇక్కడ భూములిచ్చారు. వాళ్ళ మనవలు, మునిమనవలే నా క్లాసులో సగం మంది. ఇంట్లో బంగ్లా, బజార్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. రెండో తరగతికి పెంపుడు జంతువుల పాఠం మొదలుపెట్టి వారమైంది. చార్టు మీద బొమ్మ చూపిస్తే ‘కౌ’, ‘డాగ్’, ‘గోట్’ గడగడా చెప్తారు. మొన్న బడి ముందు ఎడ్లబండి పోతుంటే అదేంటని అడిగిన. అందరూ ఒక్క గొంతుతో ‘కౌ’! నిన్న ‘హార్స్’ ఏదో వేలు పెట్టి చూపించమంటే ఒక పాప పోయి బాతు మీద పెట్టింది. చాలా చురుకైన పిల్ల. తప్పని చెప్పేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగినయ్. నా మనసు అక్కడే ఉండిపోయింది. బంగ్లా తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి, లోపం ఎక్కడుంది?

ఖరగ్‌పూర్ వాసి
మేడం, ఆ పాప తప్పేమీ లేదు. బంగ్లాలో బాతును ‘హాష్’ అంటారు, ‘హా’ కొంచెం ముక్కుతో పలుకుతారు. రాతలో మూడు స-శ-షలున్నా మాటలో దాదాపు అన్నీ ‘ష’యే. మనం ‘హార్స్’ అన్నప్పుడు ‘ర’ తేలిపోతుంది కదా, ఇక ఆ పిల్ల చెవికి వినిపించింది ఇంటి వెనక చెరువులో ఈదే బాతే.

మా తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం నుంచి ఇక్కడికొచ్చాడు. మా వీధిలో ఒక గుమ్మం తెలుగు, ఒక గుమ్మం బంగ్లా. ట్యూషన్లో నాకు రోజూ ఎదురయ్యేది ఇంకోటుంది, ‘కాక్’. బంగ్లాలో కాక్ అంటే కాకి! పుంజు బొమ్మ చూపించి ‘కాక్’ అంటే పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారు. అందుకే నేను పుంజుకు ముందు ‘రూస్టర్’ నేర్పిస్తాను. కాక్ సంగతి ఒక ఏడాది ఆగి చెప్పినా నష్టం లేదు.

కోల్‌కతా కోడలు
ఎడ్లబండి సంగతి నేను చెప్తానండీ. పుస్తకాల్లో ‘గోరు అంటే కౌ’ అని రాసేస్తారు, చిక్కంతా అక్కడే. గోరు అంటే ఒక్క ఆవే కాదు. ఆవైనా, ఎద్దైనా, ఆంబోతైనా గోరే. విడదీసి చెప్పాల్సి వస్తే ఆవు గాయ్, ఎద్దు బొలొద్, ఆంబోతు షాడ్. మా అత్తగారు అయితే పాలిచ్చేదాన్నీ బండి లాగేదాన్నీ గోరు అనే అంటారు. కాబట్టి మీ పిల్లలు చూసింది సరిగ్గానే చూశారు, తర్జుమా చేసింది కూడా పుస్తకంలో ఉన్నట్టే. మీరు ముందు ‘ఇది ఏ గోరు?’ అని బంగ్లాలోనే అడగండి. ‘బొలొద్’ అంటారు చూడండి. అప్పుడు ‘బుల్లక్’ ఇవ్వండి. ఆ మాట కూర్చోవడానికి చోటు అప్పటికే తయారై ఉంటుంది.

ఇంకొకటి. బంగ్లాలో అతడికీ ఆమెకూ ఒకటే మాట, ‘షే’. మా అబ్బాయి యూకేజీలో ‘దిస్ ఈజ్ ఎ బుల్, షీ హ్యాజ్ హార్న్స్’ అని వాక్యం రాసుకొచ్చాడు. టీచర్ ఎర్ర ఇంకుతో కొట్టేసింది గానీ, ఎందుకు తప్పో వాడికి చెప్పలేదు. రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని, ‘నీ షే వేరు, ఇంగ్లీషు షీ వేరు’ అని చెప్పేసరికి వాడి మొహం తేటపడింది.

గోపాలమిత్ర
నేను పశువుల పని మీద ఆ ఊళ్ళన్నీ తిరుగుతుంటా. మేడం, ఆ పిల్లలకు జంతువులు మనకంటే బాగా తెలుసు. మొన్న ఒక ఇంట్లో టీకా వేస్తుంటే ఎనిమిదేళ్ళ పిల్లగాడు మేకలను ఒక్కొక్కటే చెవి పట్టి నా దగ్గరికి తెచ్చిండు. ‘ఇది పాఠా, ఇది ఖాషి’ అని విడివిడిగా చెప్పిండు. పాఠా అంటే పోతు, ఖాషి అంటే విత్తులు కొట్టింది. ఇంత తెలిసినోనికి చార్టు మీద ఒక్క ‘గోట్’ బొమ్మ చూపిస్తే వానికి కొత్తగా ఏం వస్తది? చార్టు పక్కన పెట్టి కొట్టంలకు తోల్కపోండి.

గుంటూరు నాన్న
రెండో తరగతికి బుల్లక్, ఆక్స్ అవసరమా అండీ? కౌ, బుల్ చాలదూ?

కోల్‌కతా కోడలు
బండికి కట్టిన ఎద్దును రోజూ చూసే పిల్లలండీ. బొమ్మల్లో జీబ్రా నేర్పించి, ఇంటి ముందున్న ఎద్దుకు పేరు లేకుండా వదిలేయడం నాకైతే నచ్చదు.

ఖరగ్‌పూర్ వాసి
నాదీ ఆ మాటే. బహువచనం సంగతి మర్చిపోయాను. బంగ్లాలో అంకె వచ్చాక బహువచనం ఉండదు. ‘దుటో గోరు’, అంతే. అందుకే ‘టూ కౌ’ అంటారు. ఇక్కడ మన తెలుగు పనికొస్తుంది. మీ పిల్లలు బజార్లో ‘రెండు ఆవులు’ అంటారు కదా, ఆ ‘లు’ను చూపించి ‘స్’ చెప్పండి. ‘షీప్’ మాత్రం చివరికి ఉంచండి. ఒకటైనా రెండైనా షీపే కాబట్టి, అది ముందు చెప్తే మిగతావన్నీ అలాగే అనుకుంటారు. పైగా బంగ్లా మాటలో ‘ఇ’కీ ‘ఈ’కీ తేడా వినపడదు, షిప్, షీప్ రెండూ ఒకటే అవుతాయి.

కాగజ్‌నగర్ టీచర్
అందరికీ చాలా థ్యాంక్స్. ఇయ్యాల పిల్లలను బడి వెనక కొట్టానికి తీసుకెళ్ళిన. ‘ఏ గోరు?’ అని అడగంగనే నలుగురు ఒకేసారి ‘బొలొద్’ అన్నరు! తర్వాత పిల్ల జంతువుల దగ్గరికొస్తే నాకే ఆశ్చర్యమైంది. మనం కుక్కపిల్ల, పిల్లిపిల్ల, మేకపిల్ల అన్నట్టే వాళ్ళు కుకుర్ ఛానా, బిడాల్ ఛానా, ఛాగొల్ ఛానా అంటున్నరు. మనకొక ‘పిల్ల’, వాళ్ళకొక ‘ఛానా’. ఇంగ్లీషులోనేమో పప్పీ, కిట్టెన్, కిడ్ అని వేటికవే. తెలుగు పిల్లలు, బెంగాలీ పిల్లలు పక్కపక్కన నిలబడి ఒకటే పాఠం కొత్తగా నేర్చుకున్నరు. బాతు మీద వేలు పెట్టిన పాపను పిలిచి, ‘నువ్వు విన్నది హాష్, నేనన్నది హార్స్’ అని ఆగి ఆగి పలికిన. ఇంటికి పోయేదాకా రెండూ మార్చి మార్చి అనుకుంటనే ఉంది.

పోయేటప్పుడు ఆ పాపే అడిగింది. ఆవుదూడ బాఛుర్, గేదెదూడ కూడా బాఛురే, మరి ఇంగ్లీషులో కూడా ఒకటేనా అని. రేపు చెప్తానన్న.

గోపాలమిత్ర
ఒకటే మేడం. రెండూ ‘కాఫ్’. రాతలో ‘ల్’ ఉంటది గానీ పలకొద్దని చెప్పండి.