తిరుపతి వానల్లో హాలోవీన్ భూత్ బంగ్లా నడపవచ్చా?

ప్రశ్న: రేణిగుంటదారి

మిత్రులందరికీ నమస్కారం. తిరుపతి, రేణిగుంటల మధ్య ఉన్న ఒక చిన్న వినోదాల పార్కులో నేను నిర్వహణ బాధ్యతలు చూస్తున్నాను. వేసవి సెలవుల్లోనూ సంక్రాంతికీ జనం బాగానే వస్తారు గాని, దసరా సెలవులు ముగిసిన నాటి నుంచి డిసెంబరు ఆఖరు వరకు మా జెయింట్ వీల్ తిరిగే సాయంత్రాల కంటే ఆగిపోయే సాయంత్రాలే ఎక్కువ. ఈ ఖాళీని పూడ్చడానికి మా యజమాని ఈసారి అక్టోబరు చివరి వారమంతా, పాశ్చాత్యులు దెయ్యాల వేషాలతో జరుపుకునే హాలోవీన్ పండుగ అయిన 31వ తేదీ వరకు, రాత్రి ఏడు నుంచి పదకొండు గంటల దాకా ఒక భూత్ బంగ్లా నడపాలని నిర్ణయించారు. ఇక్కడ హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు తప్పకుండా వస్తారని ఆయన నమ్మకం.

ఇబ్బంది అంతా వానతోనే ఉంది. ఈశాన్య రుతుపవనాలు మనకు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినిపించిందంటే రెండు రోజులు ముసురు తప్పదు. 2021 నవంబరులో ఊరు ఊరంతా నీట మునిగిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. మా ఏర్పాటులో సగం పాత రేకుల షెడ్డులో, ప్లైవుడ్ గోడలతో గదులుగా ఉంటుంది. మిగిలిన సగం ఆరుబయట శ్మశానంలా తీర్చిన ఆవరణ. వాన పడితే మొత్తం ఆపివేయాలా, లేక కొంత భాగమైనా నడపవచ్చా? అమెరికాలో పెద్ద పార్కులు ఇలాంటి రాత్రుల్లో ఏం చేస్తాయి? రంగులు, వేషాలు, కరెంటు, తడి నేల, వీటి గురించి అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

సమాధానం: చంద్రగిరివాసి

మాది చంద్రగిరి. ప్రస్తుతం ఫ్లోరిడాలోని ఒర్లాండోలో ఉంటున్నాను. ఇక్కడి యూనివర్సల్ పార్కు 1991 నుంచి, ఒక్క 2020 తప్పించి, ఏటా ఈ భయానక రాత్రులను నడుపుతోంది. ఈమధ్య అవి ఆగస్టు చివర మొదలై నవంబరు మొదటి రోజుల దాకా సాగుతున్నాయి. అట్లాంటిక్ తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు కనుక, మీకు వచ్చిన చిక్కు వీళ్లకు ఏటా ఉన్నదే. ఈ పద్ధతికి మూలపురుషులనదగిన నాట్స్ బెర్రీ ఫార్మ్ అనే పార్కు వాళ్లు 1973లోనే కాలిఫోర్నియాలో దీన్ని ప్రారంభించారు గాని, అక్కడ అక్టోబరులో వాన అరుదు. వేషం, నటన వాళ్లను చూసి నేర్చుకోండి. వాన సంగతి మాత్రం ఒర్లాండో వాళ్లను చూసి నేర్చుకోవడం మంచిది.

ఇక్కడ వీధిని, ఇంటిని వేరువేరుగా చూస్తారు. దెయ్యాల ఇళ్లు చాలావరకు షూటింగ్ ఫ్లోర్లలోనో పెద్ద గుడారాల్లోనో ఉంటాయి కాబట్టి పైన ఎంత వాన పడుతున్నా లోపల ఆట సాగుతూనే ఉంటుంది. వీధుల్లో తిరుగుతూ భయపెట్టే నటులను మాత్రం వాన పట్టుకోగానే లోపలికి పంపించేస్తారు. వాళ్లలో కొందరు కొయ్యకాళ్ల మీద నడుస్తుంటారు, కొందరు గొలుసు తీసేసిన మోటారు రంపంతో జనం వెంటపడతారు. తడి నేల మీద ఇవేవీ కుదరవు. ఉరుములు మొదలైతే ఆరుబయటి రైడ్లు ఆగిపోతాయి. 2022లో ఇయాన్, 2024లో మిల్టన్ తుఫానులు వచ్చినప్పుడైతే పార్కునే మూసేసి ఆ రాత్రుల ఆటలు రద్దు చేశారు. కాబట్టి ఏ స్థాయి వానకు ఆవరణ ఖాళీ చేయాలి, ఏ హెచ్చరికకు గేటు మూయాలి అన్నది అక్టోబరు రాకముందే కాగితం మీద రాసుకుని, నిర్ణయం తీసుకునే మనిషి ఎవరో కూడా అందులోనే రాయండి. టికెట్లు అమ్ముడుపోయిన రాత్రి గేటు దగ్గర నిలబడి ఆలోచించడం మొదలుపెడితే నిర్ణయం ఎప్పుడూ నడిపేయడం వైపే మొగ్గుతుంది.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, వాన రాత్రి ఆ ఇళ్లలో నడవడమే నాకు ఎక్కువ ఇష్టం. రద్దీ రాత్రుల్లో జనం తెంపు లేని వరుసగా లోపలికి వెళ్తారు. ముందున్నవాడు కేక పెట్టగానే ఏ మూల నుంచి దెయ్యం దూకుతుందో వెనుకవాడికి తెలిసిపోతుంది. నటుడు తిరిగి తన మరుగులోకి వెళ్లి సర్దుకునే వ్యవధి కూడా ఉండదు. వాన రాత్రి వరుస పలచబడుతుంది, గుంపుకూ గుంపుకూ మధ్య ఎడం వస్తుంది, ప్రతి గుంపుకూ భయం కొత్తగా ఉంటుంది. పైగా అందరి ఒంటి మీదా పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు ఉంటాయి. చీకట్లో పక్కవాడి కోటు చల్లగా మోచేతికి తగిలితే చాలు, నటుడితో పని లేకుండానే సగంమంది ఉలిక్కిపడతారు. మీరు ఆరుగురికి మించకుండా గుంపులు కట్టి, ఒక గుంపు రెండో గది దాటాకే తరువాతి గుంపును వదలండి. గొడుగులు లోపలికి వద్దు. తలుపు దగ్గరే తీసుకుని టోకెన్లు ఇవ్వండి.

మరొక మాట. రేకుల షెడ్డు మీద జోరువాన పడితే మీ స్పీకర్లలోని కేకలు, ఏడుపులు ఏవీ వినిపించవు. అలాగని శబ్దం పెంచకండి, చెవులు గడియలు పడతాయే గాని భయం పుట్టదు. ఆ హోరునే వాడుకుని, కాళ్ల కింద చెక్క అదిరేలా ఒక్క దెబ్బ, మెడ మీద చల్లటి గాలి విసురు, ఇలాంటి తాకిడులతో పని జరిపించవచ్చు. పొగ యంత్రాన్ని ఆరుబయట పెడితే గాలివానకు పొగ నిలవదు, లోపలికి మార్చుకోండి. అయితే ఆ పొగ ద్రావణం నేల మీద సన్నటి జారుడు పొరగా పేరుకుంటుంది, తడి చెప్పులు దాని మీద పడితే ప్రమాదం. డ్రై ఐస్ జోలికి మాత్రం వెళ్లకండి. దాని నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనది. వానకని అన్ని కంతలూ మూసిన గదిలో అది కిందనే పేరుకుని పిల్లలకు ఊపిరి ఆడకుండా చేస్తుంది.

సమాధానం: వైరింగుపని

నేను తిరుపతిలో కరెంటు పనులు చేయిస్తుంటాను. పందిళ్లకు, ఎగ్జిబిషన్లకు తాత్కాలికంగా వేసే వైరింగులో ఎన్ని అవకతవకలు ఉంటాయో రోజూ చూసేవాణ్ని కనుక కొంచెం కటువుగానే చెబుతాను. మీ షెడ్డు గోడలూ కప్పూ రేకులు. ఎక్కడో ఒక మేకు కింద వైరు తొడుగు నలిగి రాగి రేకుకు తగిలిందంటే గోడ మొత్తం కరెంటు పాకుతుంది. పొడిగా ఉన్న రోజున అది ఎవరికీ తెలియకపోవచ్చు. వాన రాత్రి తడి కాళ్లతో వచ్చినవాడు చీకట్లో గోడ తడుముకుంటూ నడుస్తాడు, భూత్ బంగ్లాలో అందరూ చేసేది అదే. అందువల్ల షెడ్డు చట్రానికి మంచి ఎర్త్ ఇప్పించి, ప్రతి సర్క్యూటుకూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) విడివిడిగా పెట్టించండి. మొత్తానికి ఒకటే పెడితే ఎక్కడో చిన్న లీకేజీకి షెడ్డంతా ఆరిపోతుంది, విసుగు పుట్టి మీ కుర్రాళ్లే దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తారు. ప్రతి సాయంత్రం గేటు తెరవకముందు దాని మీది టెస్ట్ బటన్ నొక్కి చూడాలి.

మనుషుల చేతికి అందే ఎత్తులో 230 వోల్టులు అసలు వద్దు. భయపెట్టే వెలుగుకు 12 వోల్టుల ఎల్.ఇ.డి. పట్టీలు సరిపోతాయి, ట్రాన్స్‌ఫార్మర్లు పైన పొడి చోట పెట్టుకోవచ్చు. శ్మశానం ఆవరణలో నేల మీద టేపు చుట్టిన జాయింట్లు ఒక్కటి కూడా ఉండకూడదు, నీరు చొరబడని సాకెట్లు వాడండి. జనరేటరును దిమ్మె మీద పెట్టండి.

వీటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది దారుల సంగతి. వాన మొదలవగానే మనవాళ్లు చేసే మొదటి పని జల్లు లోపలికి కొట్టకుండా తలుపులకు టార్పాలిన్ బిగించి కట్టడం. ఆ తలుపుల్లో అత్యవసర ద్వారం కూడా ఉంటుంది. 1984 మే 11న అమెరికాలోని న్యూజెర్సీలో గ్రేట్ అడ్వెంచర్ పార్కులోని దెయ్యాల కోటకు నిప్పంటుకుని ఎనిమిది మంది యువతీయువకులు చనిపోయారు. ట్రెయిలర్లను ఒకదానికొకటి జోడించి కట్టిన ఆ కోటలో నీటి స్ప్రింక్లర్లు లేవు. ఆ తరువాతే ఇటువంటి కట్టడాలకు స్ప్రింక్లర్లు, అలారాలు ఉండాలన్న నిబంధనలు అక్కడ బిగిశాయి. మన దేశంలోనే 2024 మే 25న రాజ్‌కోట్‌లోని గేమింగ్ జోన్‌లో ఇరవై మందికి పైగా కాలిపోయారు, అదీ రేకుల కట్టడమే. బయట వాన పడుతోంది గదా, మంటలేం చేస్తాయి అనుకోకండి. లోపలి ప్లైవుడ్, నల్లగుడ్డ, థర్మోకోల్ పొడిగానే ఉంటాయి. కాబట్టి ద్వారాలకు టార్పాలిన్ కట్టేబదులు బయటి వైపు రెండు మూడడుగుల చూరు దించండి, జల్లు లోపలికి రాదు, తలుపు తలుపుగానే ఉంటుంది. ఒక్క స్విచ్చు నొక్కితే కేకలు, పొగ ఆగిపోయి అన్ని గదుల్లోనూ తెల్లటి దీపాలు బ్యాటరీ మీద వెలిగేలా చేయించి, ఆ స్విచ్చు దగ్గర ఒక మనిషిని ఊరకే కూర్చోబెట్టండి. అగ్నిమాపక శాఖ, విద్యుత్ తనిఖీ అధికారుల అనుమతులు ఎలాగూ తీసుకుంటారనుకుంటున్నాను.

రేణిగుంటదారి

ఇద్దరికీ కృతజ్ఞతలు. చూరు దించే ఆలోచన మాకు తట్టలేదు, రేపే వడ్రంగితో మాట్లాడతాను. ఇక మిగిలింది వేషాలు. మా దగ్గర దెయ్యాలుగా నిలబడేవాళ్లు కళాశాల కుర్రాళ్లు. ముఖానికి రంగు వేసి చూస్తే ముసురు గాలికే కారిపోయి, భయానికి బదులు నవ్వు వస్తోంది. దీనికేమైనా ఉపాయం ఉందా?

సమాధానం: భారతంమిట్ట

నాయనా, మాది చిత్తూరు దగ్గర పల్లె. ధర్మరాజుల తిరునాళ్లలో తెల్లవార్లూ వీధినాటకం ఆడే బృందంతో చాలాకాలం తిరిగినవాణ్ని. మీ కుర్రాళ్లు వాడుతున్నవి నీళ్లలో కలిపే రంగులై ఉంటాయి, అవి నిలవవు. గంగమ్మ జాతరలో బైరాగి వేషానికి నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పూసుకుని తిరిగేవాళ్లను చూశావు గదా, మే నెల చెమటకే అవి చారలు కడతాయి. అక్కడ మొక్కు ముఖ్యం కనుక చారలు కట్టినా ఎవరూ పట్టించుకోరు. మీ పని అది కాదు. నాటకాల సామాను అమ్మే అంగళ్లలో జిడ్డు రంగు దొరుకుతుంది. దాన్ని పల్చగా పట్టించి, పైన పౌడరు బాగా అద్ది, పది నిమిషాలు ఆరనిచ్చి, మళ్లీ ఒకసారి అద్దితే జల్లు పడినా నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి. ఆట అయ్యాక కొబ్బరినూనెతో తుడిస్తే వచ్చేస్తుంది. రబ్బరు ముసుగులు మాత్రం ఈ ఉక్కలో అరగంటకు మించి పెట్టుకోలేరు, పైగా కళ్ల దగ్గర ఆవిరి పట్టి ఎదుటి మనిషే కనిపించడు.

రంగు కంటే ప్రవేశం మీద శ్రద్ధ పెట్టమని వాళ్లకు చెప్పు. వీధినాటకంలో ముఖ్యపాత్ర రాగానే ముఖం చూపించం. ఇద్దరు తెర పట్టుకుంటారు, వెనుక నుంచి గజ్జెల చప్పుడు వినిపిస్తుంది, తెర అడుగున పాదాలు కనిపిస్తాయి, తెర పైన కిరీటం కొన మాత్రం ఊగుతుంది. జనం అప్పటికే కుదురుగా కూర్చోలేకపోతారు. దుర్యోధనుడి ముఖం బయటపడేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. నీ భూత్ బంగ్లాలో కూడా ముందుగా గోడ అవతల తడి కాళ్లు ఈడ్చుకుంటూ నడిచే చప్పుడు వినిపించు. ఎవరూ రానవసరం లేదు. అదే చప్పుడు మూడో గదిలో మరింత దగ్గరగా వినిపించి, నాలుగో గదిలో మనిషి కనిపిస్తే చాలు. గంటల తరబడి అరవమంటే రెండో రోజుకే కుర్రాళ్ల గొంతులు పోతాయి; రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఇవ్వు, చెవి దగ్గర ఒక్కసారి ఆడిస్తే అరుపు కంటే బాగా పని చేస్తుంది. ఎదుటివాళ్లను ముట్టుకోకూడదన్నది మాత్రం గట్టిగా చెప్పి పెట్టు, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. ప్రతి మలుపులోనూ వేషం లేని మనిషి ఒకరు టార్చిలైటుతో ఉండాలి.

ఇంకొక సలహా. మా బృందంలోని వాళ్లకు వానాకాలంలో ఆటలు ఉండవు. ఇద్దరు ముగ్గురిని పిలిపించుకో; కూలి మర్యాదగా ఇస్తే నీ కుర్రాళ్లకు నేర్పుతారు కూడా.

సమాధానం: చిత్తూరుచెల్లి

చూడటానికి వచ్చేదాన్ని కనుక ఆ వైపు నుంచి రెండు మాటలు చెబుతాను అన్నా. వానకు తడుస్తూ వరుసలో నిలబెడితే లోపలికి వెళ్లేసరికి భయపడే ఓపిక ఉండదు. షామియానా వేస్తే ఒక వైపు వాలుగా కట్టించండి. చదునుగా కడితే నడిమధ్య నీరు నిండి పొట్టలా కిందికి దిగుతుంది. ఎవరో కర్రతో పైకి పొడుస్తారు, వెనుక నిలబడ్డవాళ్లందరి మీదా బిందెడు నీళ్లు పడతాయి. లోపలికి అడుగుపెట్టే చోట కొబ్బరిపీచు పట్టలు పరచి, చెక్క నేలకు ఇసుక కలిపిన రంగు వేయిస్తే జారకుండా ఉంటుంది. అమెరికా పార్కుల్లాగా వాన వచ్చినా డబ్బు వెనక్కి ఇవ్వబోమని టికెట్టు మీద అచ్చు వేస్తే మన ఊళ్లో మరుసటి రోజుకే పేరు పోతుంది. శ్మశానం ఆవరణ మూసిన రాత్రి టికెట్టు మీద ముద్ర వేసి, ఆ వారంలో మరో రోజు రమ్మనండి.

పదకొండు గంటలకు మూయడం కూడా ఆలోచించుకోండి. ఆ వేళ రేణిగుంట దారిలో వాన పడుతుంటే ఆటో దొరకదు, దొరికినా అడిగినంత ఇవ్వాలి. హాస్టళ్ల గేట్లు అంతకంటే ముందే మూస్తారు. తొమ్మిదిన్నరకు చివరి టికెట్టు ఇచ్చి, పదింటికి బస్టాండు దాకా ఒక వ్యాను నడిపితే అమ్మాయిలను ఇంట్లో పంపిస్తారు.