కొత్త బండా, సెకండ్ హ్యాండా? పరకాల – హన్మకొండ రోజూ తిరగడానికి ఏది నయం?

పరకాల_పోరడు
అందరికీ నమస్తే. ఈ మధ్యే హన్మకొండలో ఉద్యోగంలో చేరాను. ఇల్లు పరకాలలో. రోజూ పోను రాను డెబ్భై కిలోమీటర్ల దాకా అవుతుంది. నా షిఫ్టుకు బస్సులు కుదరట్లేదు. చేతిలో నలభై ఐదు వేలు ఉన్నాయి. ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ బండి పూర్తిగా వచ్చేస్తుంది, లేదంటే అదే డౌన్ పేమెంట్ కట్టి కొత్తది తీసుకోవచ్చు. నాన్న కొత్తదే తీసుకోమంటున్నారు. మామయ్య మాత్రం షోరూం దాటగానే సగం విలువ పోతుందని, అప్పు చేసి మరీ కొనొద్దని అంటున్నాడు. ఈ రోడ్ల మీద తిరిగేవాళ్ళు మీ అనుభవం చెప్పండి.

కాజీపేట_జంక్షన్
తమ్మీ, బండి సంగతి తర్వాత, ముందు వడ్డీ లెక్క చూడు. షోరూంలో కూర్చునే ఫైనాన్స్ వాళ్ళు "రూపాయి వడ్డీయే" అంటారు. అది ఫ్లాట్ వడ్డీ. 50,000 అప్పు, మూడేళ్ళు, ఏడాదికి 12 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 18,000. మొత్తం 68,000 కట్టాలి, నెలకు దాదాపు 1,890 కిస్తీ. నెలనెలా అసలు తీరుతూనే ఉంటుంది, వడ్డీ మాత్రం ఆఖరి నెల దాకా 50,000 మీదే పడుతుంది. తగ్గే బాకీ మీద లెక్క కడితే అది ఏడాదికి 21 శాతం చుట్టూ తేలుతుంది. అంటే మన ఊరి లెక్కలో రూపాయి ముప్పావలా వడ్డీ. నీ జీతం పడే బ్యాంకుకు వెళ్ళి "తగ్గే బాకీ మీద ఎంత శాతం" అని ఇదే మాట అడుగు. అక్కడ తక్కువకు వస్తే కొత్త బండి గురించి ఆలోచించు. ఫ్లాట్ వడ్డీకైతే వద్దనే నా మాట.

హంటర్‌రోడ్_శీను
ధరల గురించి ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పాత పన్నుతో షోరూం ధర 80,000 ఉన్న బండి కొత్త పన్నుతో 73,750 అవుతుంది. పైన లైఫ్ ట్యాక్స్ కూడా షోరూం ధర మీదే శాతంగా వేస్తారు కాబట్టి అదీ కొంత తగ్గుతుంది. కానీ పాత బండ్లు అమ్మే కన్సల్టెన్సీల్లో కొందరు ఇంకా పాత ధరలు మనసులో పెట్టుకునే సెకండ్ హ్యాండ్ రేటు చెప్తున్నారు. కొత్తది దిగినప్పుడు పాతది కూడా దిగాలి. బేరం అక్కడి నుంచే మొదలుపెట్టు.

రంగశాయిపేట_గ్యారేజీ
నేను మెకానిక్‌ని. సెకండ్ హ్యాండ్ బండి చెడ్డది కాదు, చూడకుండా కొన్న బండి చెడ్డది. మీటర్ రీడింగ్ నమ్మొద్దు, దాన్ని వెనక్కి తిప్పడం పెద్ద పనేం కాదు. బండి ఎంత తిరిగిందో చెప్పేవి వేరే ఉన్నాయి. ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, గేర్ రాడ్ రబ్బరు, బ్రేక్ పెడల్ మీద గీతలు చూడు. మీటర్‌లో పద్దెనిమిది వేలు కనిపిస్తూ, గేర్ రాడ్ రబ్బరు అరిగి లోపలి ఇనుము బయటపడిందంటే ఆ మీటర్ అబద్ధం చెప్తున్నట్టే.

టైర్ పక్కన గుడ్డు ఆకారపు గీత లోపల నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైన టైర్ అని అర్థం. బండి 2021ది, "కంపెనీ టైర్లే సార్, ఎక్కువ తిరగలేదు" అని అమ్మేవాడు చెప్తుంటే, టైర్ మీద 2024లో తయారైనట్టు ఉందనుకో, పాత టైర్లు అరిగిపోయాకే మార్చి ఉంటారు కదా. అలా అడిగితే చాలామంది నిజం చెప్పేస్తారు.

బండిని మెయిన్ స్టాండ్ వేసి, ముందు చక్రం పైకి లేచేలా వెనక ఎవరినైనా అదిమి పట్టుకోమను. హ్యాండిల్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పు. మధ్యలో ఎక్కడైనా గాడిలో పడినట్టు ఆగితే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ మెడలోని బేరింగ్, పోయింది. ముందు ఫోర్కుల మీద వేలు పెట్టి రాస్తే నూనె అంటితే ఆయిల్ సీల్స్ పోయాయి. ఇవి చిన్న ఖర్చులే, బేరంలో తగ్గించుకోవచ్చు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే మాత్రం బోరు, పిస్టన్ పని. ఆ బండి వదిలెయ్.

మోరంచ_వాగు
అన్న చెప్పినదానికి ఇంకోటి కలుపుతా, మన జిల్లాల వాళ్ళకు ఇది చాలా ముఖ్యం. మాది భూపాలపల్లి వైపు. 2023 జులై 27న మోరంచపల్లి మునిగినప్పుడు ఊళ్ళో బండ్లు కొట్టుకుపోయాయి. ఆ రోజుల్లోనే వరంగల్‌లో హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ నీళ్ళలో ఉన్నాయి. మళ్ళీ 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫానుకు హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగాయి. నీళ్ళలో నానిన బండ్లు కడిగి, పాలిష్ కొట్టి అమ్మకానికి వస్తాయి. పైకి తళతళలాడుతుంటాయి.

ముంపు బండిని పట్టుకోవాలంటే సీటు తీయించు. సీటు కింద మూలల్లో, బ్యాటరీ పెట్టె అడుగున ఎండిపోయిన సన్నని ఒండ్రు ఉందేమో చూడు. కడిగేటప్పుడు అక్కడికి నీళ్ళ పైపు పోదు. వైర్లు కలిపే కప్లర్ ఒకటి ఊడదీసి చూస్తే రాగి మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తుంది. హెడ్‌లైట్ అద్దం లోపల ఒక గీతలా నీటి మరక ఉంటుంది, అది నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో చెప్తుంది. ఇంజన్ ఆయిల్ మూత తిప్పి చూసినప్పుడు ఆయిల్ మజ్జిగలా తెల్లబడి ఉంటే ఇంకేమీ అడగకుండా వచ్చెయ్.

పరకాల_పోరడు
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు అన్నా, థ్యాంక్స్. ఒక డౌట్. నా బడ్జెట్‌లో 2018 మోడల్ నూట పాతిక సీసీ బండి ఒకటి, 2021 మోడల్ వంద సీసీ బండి ఒకటి దొరుకుతున్నాయి. మొదటిది పవర్ ఎక్కువ, కార్బురేటర్ బండి కాబట్టి ఊళ్ళో ఎవరైనా బాగు చేస్తారని అంటున్నారు. ఏది చూడాలి?

రంగశాయిపేట_గ్యారేజీ
2021దే చూడు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన కొత్త బండ్లన్నీ బీఎస్ 6, అంటే పొగ తగ్గించే కొత్త ప్రమాణంతో చేసినవి. నీ డబ్బుల్లో వచ్చే వంద సీసీ కమ్యూటర్ బండి ఆ ఏడాదిదైతే ఎక్కువగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌దే వస్తుంది, కొన్ని మోడళ్ళు మాత్రం కార్బురేటర్‌తోనే వచ్చాయి, అడిగి చూసుకో. ఇంజెక్షన్‌దైతే చోక్ లాగే పని లేదు, చలికాలం పొద్దున్నే స్టార్ట్ అవుతుంది. కార్బురేటర్ ఎవరైనా విప్పుతారు, అది నిజమే. కానీ ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత బండ్ల పెట్రోల్ పైపులు, రబ్బరు సీల్స్ దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. గ్యారేజీకి వచ్చే పాత బండ్లలో రబ్బర్లు గట్టిపడి, కార్బురేటర్ కారుతున్నవి చూస్తూనే ఉన్నా. నిజానికి 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లనే ఈ పెట్రోల్‌ను తట్టుకునే భాగాలతో తయారు చేస్తున్నారు. నీ డబ్బులకు అంత కొత్తది రాకపోవచ్చు. 2021ది తీసుకుంటే పెట్రోల్ పైపు ఒక్కటి ముందే మార్పించు. ఇంజెక్షన్ బండిలో ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడపొద్దు, లోపలి పెట్రోల్ పంపు చల్లబడేది ఆ పెట్రోల్‌తోనే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
తమ్ముడూ, నేను కొత్తది వైపు. ములుగు రోడ్డులో రాత్రి డ్యూటీ దిగి వచ్చేదాన్ని, నాకు తెలుసు. గుడెప్పాడ్ క్రాస్ దాటాక పరకాల దాకా చీకట్లో ఇసుక లారీల మధ్య వెళ్ళాలి. అక్కడ బండి ఆగిపోతే సాయం దొరకడం కష్టం. మా ఇంట్లో పాత బండి ఉన్నన్నాళ్ళూ ఇంటికి చేరేదాకా అమ్మకు నిద్ర పట్టేది కాదు. కొత్తది తీసుకున్నాక ఆ టెన్షన్ పోయింది. ఆ నెమ్మదికి కిస్తీ కట్టినా నాకు బాధ లేదు.

ఒకవేళ పాతదే తీసుకుంటే బ్రేకుల విషయంలో మాత్రం రాజీ పడొద్దు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు గట్టిగా బ్రేక్ వేసినా చక్రం జారకుండా చూసే ఏబీఎస్, ఆ లోపు బండ్లకు రెండు చక్రాలకూ కలిపి బ్రేక్ పడే సీబీఎస్ తప్పనిసరి చేశారు. అంతకన్నా పాత బండి ఆ రోడ్డు మీద రాత్రి నడపడం నాకు ఇష్టం లేదు. హెడ్‌లైట్ కూడా చీకటి పడ్డాకే చూసుకో, పగలు ఏ లైటైనా బాగానే కనిపిస్తుంది.

జగిత్యాల_మాస్టారు
అమ్మాయి చెప్పింది నిజం. అయినా సెకండ్ హ్యాండ్ అనుకుంటే కాగితాల సంగతి వినండి. బండి బాగుండి కాగితాలు బాగా లేకపోతే అది ఇంకా పెద్ద బాధ.

పేరు మార్పుకు వాడే ఫారం 29, ఫారం 30 రెండింటి మీదా ఓనర్ సంతకం పెట్టాలి. అమ్మినవాళ్ళు 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి, కొన్నవాళ్ళు 30 రోజుల్లో పేరు మార్పుకు పెట్టుకోవాలి. మన దగ్గర చాలామంది సంతకాలు పెట్టిన ఫారాలు జేబులో పెట్టుకుని ఏళ్ళ తరబడి తిరుగుతారు. ఈలోగా ప్రమాదం జరిగితే పరిహారం రిజిస్టర్‌లో పేరున్న ఓనర్ మెడకే చుట్టుకుంటుందని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అందుకే అమ్మేవాడికీ తొందర ఉండాలి, కొనేవాడికీ ఉండాలి. నా సలహా, పేరు మార్పుకు అర్జీ పెట్టేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. కొంత ఆపి ఉంచండి, మంచివాడైతే ఒప్పుకుంటాడు.

సి బుక్‌లో (ఆర్‌సీలో) ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే ఆ కంపెనీ ఎన్‌ఓసీ, ఆ పేరు తీయించే ఫారం 35 అడగండి. కిస్తీలు అయిపోయాయని నోటిమాటగా చెప్తే సరిపోదు. ఛాసిస్ నంబర్ హ్యాండిల్ కింద మెడ దగ్గర కొట్టి ఉంటుంది, దాన్ని గుడ్డతో తుడిచి సి బుక్‌లోని నంబర్‌తో అక్షరం అక్షరం సరిచూడండి. నంబర్ ప్లేటు ఏపీ 36 అని ఉంటే అది 2014 జూన్‌కు ముందు రిజిస్టర్ అయిన వరంగల్ బండి. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్ళే కాబట్టి దానికి గడువు అయిపోయి ఉంటుంది, లేదా కొద్ది కాలమే మిగిలి ఉంటుంది, తర్వాత రెన్యువల్ చేయించాలి. తక్కువకు వస్తుందని మోజు పడొద్దు.

చౌరస్తా_రవి
చలాన్లు మర్చిపోవద్దు. మా తమ్ముడు కొన్న బండి మీద పాత ఓనర్ హెల్మెట్ లేని ఫొటోలు వరసగా ఉన్నాయి. పోలీసులు ఆపినప్పుడు కట్టాల్సి వచ్చింది మా తమ్ముడే. 2023 డిసెంబర్‌లో బైకులకు 80 శాతం రాయితీ ఇచ్చారు కదా అని మళ్ళీ ఇస్తారని కొందరు కట్టకుండా పెడుతున్నారు. బండి నంబర్ కొడితే ఈ-చలాన్ సైట్‌లో అన్నీ కనిపిస్తాయి. వాళ్ళ ముందే ఫోన్‌లో చూసి, కట్టించాకే బేరం తెంపు.

మంథని_గోదారి
కాళేశ్వరం వంతెన అవతల మహారాష్ట్రలోని సిరొంచ వైపు నుంచి ఎంహెచ్ నంబర్ బండ్లు చవకగా వస్తాయి. వాటికి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అన్నీ కలిపితే చవక అంతా ఆవిరైపోతుంది.

కాజీపేట_జంక్షన్
ఇన్సూరెన్స్ కూడా చూడు తమ్మీ. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండ్లకు ఎదుటివాళ్ళ నష్టానికి వర్తించే థర్డ్ పార్టీ పాలసీ ఐదేళ్ళకు ఒకేసారి కట్టించుకుంటున్నారు. కాబట్టి 2021 బండికి ఆ ఐదేళ్ళు ఎప్పటిదాకా ఉన్నాయో పాలసీ కాగితం చదువు. మన బండి నష్టానికి వర్తించే ఓన్ డ్యామేజ్ భాగం సాధారణంగా ఏడాదికోసారి రెన్యువల్ చేసుకోవాలి, చాలామంది మొదటి ఏడాది తర్వాత వదిలేస్తారు. బండి నీ పేరు మీదికి వచ్చినా పాలసీ పాతవాళ్ళ పేరు మీదే ఉంటే, బండి దెబ్బతిన్నప్పుడు క్లెయిమ్ దగ్గర చిక్కు.

పరకాల_పోరడు
బ్యాంకులో అడిగాను. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు నిండాలట, అప్పటిదాకా లోన్ ఇవ్వరట. ఫైనాన్స్ వాళ్ళ ఫ్లాట్ వడ్డీకి ఇష్టం లేదు. అందుకే 2021 బండి వైపే మొగ్గుతున్నా. ఎనుమాముల మార్కెట్‌లో పనిచేసే ఒకాయనది, ఫస్ట్ ఓనర్, ఆయన పేరు మీదే ఉంది. లోన్ లేదు, చలాన్లు రెండు ఉంటే కట్టేశారు. నలభై రెండు అంటున్నారు. పేరు మార్పుకు అర్జీ పెట్టాకే మిగతా డబ్బు ఇస్తానంటే ఒప్పుకున్నారు. సిస్టర్ గారూ, మీ మాట మనసులో ఉంది, అందుకే సీబీఎస్ ఉందో లేదో ముందే కనుక్కున్నా, ఉంది. ఆదివారం చూడటానికి వెళ్తున్నా.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మంచిది తమ్ముడూ. బేరంలో మిగిలిన డబ్బుతో ముందు మంచి ఐఎస్ఐ హెల్మెట్ కొను, వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్ వేయించు. లారీ వాళ్ళకు నువ్వు కనిపించాలి.

రంగశాయిపేట_గ్యారేజీ
పొద్దున్నే వెళ్ళు. నువ్వు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్ చేసి చెప్పు. వెళ్ళగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడు, చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే ఏదో దాచడానికి ముందే తిప్పి ఉంచారని అనుకోవచ్చు. చల్లటి ఇంజన్ మొదటి సెల్ఫ్‌కే అందుకుని, టైమింగ్ చైన్ గలగల లేకుండా ఆడితే సగం పని అయినట్టే. మిగతా సగానికి బండిని నా దగ్గరికి తీసుకురా, ఆయన కూడా వస్తే ఇంకా మంచిది. నువ్వు చూస్తుండగానే ప్లగ్ విప్పి చూపిస్తా.